మోటు పనికి మడత కత్తి: ఖరీదైన ఐదింటిలో ఏది ఎవరికి

మోటు పనికని పేరుపడ్డ ఖరీదైన మడత కత్తుల్లో చాలావాటికి ఒకటే జబ్బు: సరిగా కొయ్యవు. వెన్ను దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, పిడి టైటానియంది, తెరవగానే ‘టక్’మని పడే లాక్ ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే దీనితో ఏమైనా చెయ్యొచ్చన్న ధీమా వస్తుంది. తీరా మందపాటి అట్టపెట్టె మీద పెట్టి లాగితే సగం దూరం పోయి బిగుసుకుంటుంది. ఇంకాస్త బలం పెడితే అట్ట తెగదు, చిరుగుతుంది. గొడ్డలితో పెన్సిలు చెక్కే వ్యవహారం అది.

అందుకే ఇక్కడ మామూలు వరసను తిరగేస్తున్నాను. కొనేవాళ్ళు ముందు ఉక్కు పేరు అడుగుతారు, తర్వాత లాక్ గురించి, తర్వాత పిడి గురించి. అంచు ఎంత సన్నగా దిగిందన్న సంగతి చాలామందికి కొన్నాక గానీ గుర్తురాదు. నా లెక్కలో అదే మొదటిది. రెండోది లాక్. ఉక్కు మూడోది, అది కూడా పేరును బట్టి కాదు, దాన్ని ఎలా కాచారన్నదాన్ని, అంటే వేడిచేసి చల్లార్చి ఎంత గట్టిపరిచారన్నదాన్ని బట్టి.

అసలు మోటు పని అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఆ ఒక్క మాట కింద మూడు వేరే వేరే పనులు కలిసిపోయి ఉంటాయి. మొదటిది అరగదీసే పని: రోజంతా అట్టపెట్టెలు, ప్లాస్టిక్ పట్టీలు, నైలాన్ తాళ్ళు, రబ్బరు గొట్టాలు, తివాచీలు. వీటిలో దెబ్బ ఉండదు, అంచు మెల్లగా అరిగిపోతుంది, అంతే. రెండోది దెబ్బ తగిలే పని: కోస్తుండగా పెట్టెలో ఉన్న ఇనుప పిన్ను తగలడం, కర్రలో దిగిన మొనను పక్కకు తిప్పి లాగడం, గట్టి ప్లాస్టిక్‌ను మెలితిప్పి విడదీయడం. మూడోది పలుగు పని: మూతలు లేపడం, మేకులు పెకలించడం, చెక్కలు విడదీయడం. ఈ మూడోదానికి ఏ మడత కత్తీ పనికిరాదు, ఎంత డబ్బు పెట్టినా సరే. మధ్యలో కీలున్న వస్తువు అది. ఆ పని తరచూ తగిలేవాళ్ళకు మడవని కత్తి ఒకటి, చిన్న పలుగు ఒకటి కలిపినా కింద వచ్చే ఐదు కత్తుల్లో మొదటి రెండింటిలో ఒక్కదాని ధర కాదు.

కాబట్టి మిగిలేది మొదటి రెండు పనులు. వాటిలో మీ రోజు ఎక్కువగా ఏ వైపు మొగ్గుతుందో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

బరిలో ఉన్నవి

ఐదింటిని తీసుకుంటున్నాను. క్రిస్ రీవ్ సెబెంజా 31, హిండరర్ ఎక్స్‌ఎం-18, స్పైడర్కో పారామిలిటరీ 2, బెంచ్‌మేడ్ ఆడమస్, కోల్డ్ స్టీల్ ఏడీ-10. మొదటి రెండూ ధరలో పై అంతస్తువి. మిగిలిన మూడూ ఒకటి రెండు మెట్లు కిందవి. కావాలనే కలిపి పెట్టాను, ఎందుకంటే పైమెట్టుకు ఎక్కితే అదనంగా దక్కేదేమిటో పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

సెబెంజాను క్రిస్ రీవ్ 1987లో, దక్షిణాఫ్రికాలో ఉండగానే మొదలుపెట్టాడు. 1989లో అమెరికాకు మారాడు, ఇప్పుడు ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో తయారవుతుంది. అతను చేసిన పని చూడటానికి చిన్నదే: పిడికి రెండు వైపులా ఉండే టైటానియం పలకల్లో ఒకదానికి గాటు పెట్టి, ఆ ముక్కనే స్ప్రింగుగా లోపలికి వంచి, బ్లేడు వెనక అడ్డుపడేలా చేశాడు. లాక్ కోసం వేరే భాగమే అక్కర్లేకపోయింది. ఇవాళ ఫ్రేమ్ లాక్ పేరుతో ప్రపంచమంతా చేస్తున్నది ఇదే. ఎక్స్‌ఎం-18 కూడా ఫ్రేమ్ లాకే. దాన్ని చేసే రిక్ హిండరర్‌ది ఒహాయో, అగ్నిమాపక దళంలో పనిచేసిన మనిషి, ఆ అనుభవం కత్తి నిండా కనిపిస్తుంది: చేతితొడుగులు వేసుకున్నా దొరికే గాట్లు, జారని పిడి, మందపాటి మొన.

స్పైడర్కో కొలరాడోలోని గోల్డెన్ పట్టణానిది. జేబు అంచుకు క్లిప్పుతో తగిలించుకోవడం, బ్లేడులోని గుండ్రటి రంధ్రంలో బొటనవేలు పెట్టి ఒంటిచేత్తో తెరవడం, ఇవాళ మనం మామూలనుకునే ఈ రెండూ 1981లో వాళ్ళు తెచ్చిన వర్కర్ మోడల్‌తోనే జనంలోకి వచ్చాయి. ఆడమస్ ఆరెగాన్ రాష్ట్రంలోని బెంచ్‌మేడ్ వాళ్ళది. ఏడీ-10ను కోల్డ్ స్టీల్ కంపెనీ కోసం రూపొందించింది ఆండ్రూ డెమ్కో, అతని గురించి లాక్ దగ్గర మళ్ళీ చెప్పుకోవాలి.

అంచు వెనక మందం

పదును పెట్టిన వాలు ఒకటి అంచు దగ్గర సన్నని గీతలా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ వాలు ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ, దాని పైన, బ్లేడు ఎంత మందంగా ఉందన్నదే కోతను తేలుస్తుంది. కాలిపర్‌తో కొలిస్తే బాగా కోసే కత్తులకు అక్కడ 0.4 నుంచి 0.5 మి.మీ. ఉంటుంది. మోటు పనికని చేసినవాటికి 0.7, 0.8, ఒక్కోసారి ఇంకా పైన. కంటికి ఆనని ఈ తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. సన్నగా ఉన్న కత్తి కాస్త మొద్దుబారినా అట్టలో దిగుతూనే ఉంటుంది. మందంగా ఉన్న కత్తి వెంట్రుకలు గొరిగేంత పదునుగా ఉన్నా రెండు అంగుళాలు దిగాక ఆగిపోతుంది, ఎందుకంటే అప్పటికి అడ్డుపడుతున్నది అంచు కాదు, దాని వెనకున్న ఇనుము.

వెన్ను మందం చూసి దీన్ని ఊహించలేం. పారామిలిటరీ 2 వెన్ను దగ్గర 3.7 మి.మీ. ఉంటుంది, తక్కువేం కాదు. కానీ వెన్ను నుంచి అంచు దాకా ఒకే చదును వాలుగా దించుతారు కాబట్టి అంచు దగ్గరకు వచ్చేసరికి పలచబడిపోతుంది. ఈ ఐదింటిలో అట్ట, తాడు, ప్లాస్టిక్ కోయడంలో దానికి సాటి లేదు. దానికి కట్టే వెల దాని మొన. సూదిలా ఉంటుంది, పొడిచి పక్కకు తిప్పితే విరుగుతుంది. ఈ కత్తికి జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం అక్కడే.

సెబెంజా దారి వేరు. బ్లేడు బుగ్గలను లోపలికి పుటాకారంగా అరగదీస్తారు, అంచు చాలా దూరం వరకు సన్నగానే ఉంటుంది. అంగుళం లోపు కోతల్లో, అంటే రోజూ తగిలే పనుల్లో, అది జారిపోతున్నట్టు కోస్తుంది. మందపాటి వస్తువులో లోతుగా దించితే మాత్రం ఆ పుటాకారం ముగిసే చోట ఉన్న భుజం తగులుతుంది, అక్కడ గట్టిగా తొయ్యాలి. ఎన్నోసార్లు పదును పెట్టాక కూడా మందం పెద్దగా పెరగకపోవడం ఈ ఆకారంలోని లాభం. పదేళ్ళు ఒకే కత్తి వాడేవాళ్ళకు ఇది పెద్ద సంగతి.

ఎక్స్‌ఎం-18 విషయంలో ఏ బ్లేడు ఆకారం ఎంచుకున్నారన్నదే కథంతా. స్పాంటో అనే ఆకారంలో మొనకు విడిగా ఒక మందపాటి వాలు ఉంటుంది. దాన్ని గట్టి ప్లాస్టిక్‌లో గుచ్చి తిప్పినా భయం ఉండదు, ఆ పనికే అది. అదే కత్తితో పెట్టెలు కోయమంటే విసుగొస్తుంది. అదే మోడల్‌లో స్లైసర్ అని పలచటి బ్లేడు కూడా దొరుకుతుంది. ఎక్స్‌ఎం-18 మీద మనసు పడి, మీ పని ఎక్కువగా కోతే అయితే, స్లైసర్ దొరికేదాకా ఆగండి. బొమ్మ బాగుందని స్పాంటో కొని, తర్వాత దాన్ని పలచబరిపించడానికి గ్రైండింగ్ చేసేవాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు తక్కువేం కాదు.

ఆడమస్ బాహాటంగా బండ కత్తి. బ్లేడు 3.8 అంగుళాలకు దగ్గర, మొత్తం బరువు 180 గ్రాములకు అటూ ఇటూ. దాన్నుంచి నాజూకు కోత ఆశించకూడదు. ఏడీ-10 బరువులో దానికి తీసిపోదు, కానీ బ్లేడు వెడల్పుగా ఉండి వాలు ఎత్తు నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ బరువున్న కత్తికి ఊహించనంత బాగా కోస్తుంది.

ఒక సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. సన్నటి అంచు పెచ్చులు లేస్తోందంటే కత్తి మార్చక్కర్లేదు. ఒక్కో వైపు 15 డిగ్రీల కోణంలో ఉన్న పదునును, చివర నాలుగైదు రుద్దులు మాత్రం 20 డిగ్రీలకు ఎత్తి రుద్దండి. వెనక పలచదనం అలాగే ఉంటుంది, కొస మాత్రం గట్టిపడుతుంది. మందపాటి కత్తిని ఇంత తేలిగ్గా పలచబరచలేం, దానికి యంత్రం కావాలి, బ్లేడు వేడెక్కి పాడవకుండా చేసే చెయ్యి కావాలి.

లాక్: వేళ్ళను కాపాడే భాగం

గట్టి పనిలో లాక్ తప్పిపోతే బ్లేడు వచ్చి పడేది మన వేళ్ళ మీదే. కాబట్టి ‘ఎంత బరువు మోస్తుంది’ అన్న ఒక్క లెక్కతో లాక్‌ను తూచకూడదు. బరువు వేలాడదీసి చేసే పరీక్షల్లో నెగ్గిన లాక్ కూడా, మెలితిప్పినప్పుడో, లోపల దుమ్ము చేరినప్పుడో, చెమట చేత్తో పట్టు మారినప్పుడో జారొచ్చు.

ఈ ఐదింటిలో ఎక్కువ బలం ఏడీ-10లోని ట్రై-యాడ్ లాక్‌ది. పాతకాలపు వెనక లాక్‌లో, అంటే వెన్ను వైపు పొడవాటి మీట ఉండే రకంలో, బ్లేడు మీద పడే ఒత్తిడంతా ఆ మీట తిరిగే సన్నటి పిన్ను మీదికే వచ్చేది. డెమ్కో చేసిందేమిటంటే, బ్లేడుకూ మీటకూ మధ్య ఒక లావాటి ఆపుడు పిన్ను అడ్డుపెట్టాడు. ఇప్పుడు ఒత్తిడి ఆ పిన్ను ద్వారా పిడికి పోతుంది. మీట వెనక పిన్నుకు కావాలనే కొంచెం ఖాళీ వదిలారు, అరిగేకొద్దీ లాక్ తనంతట తాను సర్దుకుంటుంది. లోపం లేకపోలేదు: స్ప్రింగు గట్టిగా ఉంటుంది, కొత్తలో ఒంటిచేత్తో మూయాలంటే బొటనవేలు నొప్పెడుతుంది. రోజుకు యాభైసార్లు తెరిచి మూసే పనైతే ఇది చికాకు పెడుతుంది.

ఆడమస్‌లోది యాక్సిస్ లాక్. పిడికి అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ, దాన్ని ముందుకు నెట్టడానికి రెండు వైపులా దారంలాంటి స్ప్రింగులు. 1998లో బెంచ్‌మేడ్ 710 మోడల్‌తో వచ్చింది. ఆ పేటెంటు గడువు తీరాక ఇతరులూ అదే సూత్రంతో చేస్తున్నారు. కుడిచేయైనా ఎడమచేయైనా ఒకేలా పనిచేయడం, మూసేటప్పుడు వేళ్ళు బ్లేడు దారిలోకి రాకపోవడం దీని గొప్ప. ఆ సన్నటి స్ప్రింగులు ఎప్పుడో ఒకప్పుడు తెగుతాయి. ఒకటి తెగినా రెండోది నడిపిస్తుంది, కానీ అప్పుడు దాన్ని నమ్ముకుని గట్టి పని చెయ్యకూడదు.

పారామిలిటరీ 2లోని కంప్రెషన్ లాక్ నాకు అన్నిటికంటే నచ్చినది. లోపలి ఉక్కు పలక నుంచి చీల్చిన చిన్న ముక్క బ్లేడు మొదలుకూ ఆపుడు పిన్నుకూ మధ్య సందులో ఇరుక్కుంటుంది. బ్లేడు మూసుకుపోదామని ఒత్తితే ఆ ముక్క నలగాలి, వంగాలని ఉన్నా వంగే చోటు ఉండదు. అది వెన్ను వైపు ఉంటుంది కాబట్టి పట్టు ఎంత బిగించినా పొరపాటున వేలు తగిలి ఊడదు. బలం, సౌలభ్యం రెండూ ఇంత దగ్గరగా కలిసింది ఇంకోటి చూడలేదు.

ఇక ఫ్రేమ్ లాకులు. పట్టు బిగించేకొద్దీ మన వేళ్ళే లాక్ పలకను లోపలికి నొక్కి ఉంచుతాయి, అది వీటి అసలు బలం. బలహీనత టైటానియంలో ఉంది. ఉక్కుతో రుద్దుకుంటే మెత్తగా అంటుకుపోయే గుణం దానిది. అందుకే చౌకరకం ఫ్రేమ్ లాకులు మూయబోతే బంక పట్టినట్టు ఇరుక్కుంటాయి, కాలం గడిచేకొద్దీ పలక బ్లేడు వెనక ఇంకా ఇంకా అవతలికి జరిగిపోతుంది. సెబెంజా 31లో ఆ తాకే చోట సిరామిక్ గోళీ పెట్టారు, టైటానియం ఉక్కును ముట్టుకోదు, అరుగుదల సమస్య దాదాపు తీరిపోయింది. హిండరర్ ఆలోచించింది మరో ప్రమాదం గురించి: మూసేటప్పుడు లాక్ పలకను బయటికి మరీ ఎక్కువగా లాగితే స్ప్రింగు బలం చచ్చిపోతుంది. దానికి అడ్డుగా పలక మీద గుండ్రటి బిళ్ళ ఒకటి బిగించాడు. తర్వాత ఎన్నో కంపెనీలు ఆ బిళ్ళనే వాడుకున్నాయి.

ఫ్రేమ్ లాక్ కత్తి కొత్తగా కొన్నవాళ్ళు ‘తెరుచుకోవడం లేదు, గట్టిగా ఉంది’ అని తిరిగి పంపించేస్తుంటారు. తెరిచేటప్పుడు మిగతా వేళ్ళు ఎక్కడున్నాయో చూడండి. అవి లాక్ పలక మీద ఒత్తుతుంటే, ఆ పలకలో ఉన్న చిన్న గోళీ బ్లేడును ఇంకా గట్టిగా పట్టేస్తుంది. వేళ్ళు కాస్త వెనక్కి, క్లిప్పు మీదికి జరిపితే అదే కత్తి వెన్నలా తెరుచుకుంటుంది.

ఉక్కు పేర్ల మోజు

ఈ తరగతిలో చెడ్డ ఉక్కు దొరకడం కష్టం. అన్నీ దాదాపు పొడి లోహ పద్ధతిలో చేసినవే: కరిగిన ఉక్కును తుంపరలుగా చల్లి పొడి చేసి, ఆ పొడిని వేడి మీద ఒత్తి దిమ్మ కడతారు. దానివల్ల లోపలి కార్బైడ్లు, అంటే కార్బన్ లోహాలతో కలిసి కట్టే గట్టి రేణువులు, చిన్నగా, సమంగా పరుచుకుంటాయి. తేడాలు ఉన్నాయి గానీ అంచు మందం తేడా ముందు అవి చిన్నవి.

2001లో క్రూసిబుల్ కంపెనీ కత్తుల కోసమే ఎస్30వీ తెచ్చింది, దాని రూపకల్పనలో క్రిస్ రీవ్ సలహాలున్నాయి. ఏడీ-10లో వాడే ఎస్35వీఎన్, పారామిలిటరీ 2లో ఇప్పుడు వస్తున్న ఎస్45వీఎన్ దాని వారసులు. తుప్పు తక్కువ, నిలకడ బాగుంటుంది, ఏ కోణంలోనూ నిరాశపరచవు. ఆస్ట్రియా కంపెనీ బోహ్లర్ చేసే ఎం390లో క్రోమియం 20 శాతం, కార్బన్ 1.9 శాతం. అరగదీసే పనిలో మొండిగా నిలుస్తుంది, దెబ్బ తగిలే పనిలో అంత కాదు. 20సీవీ, 204పీ అని వేరే పేర్లతో కనిపించేవి కూడా ఇంచుమించు అదే మిశ్రమం. పేరు మారిందని ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఆడమస్‌లోని క్రూవేర్ పనిముట్ల ఉక్కు. దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది. క్రోమియం 7.5 శాతమే కాబట్టి తడిలో వదిలేస్తే మచ్చలు పడతాయి. బ్లేడుకు పూత వేసి ఇస్తారు, అంచుకు మాత్రం పూత ఉండదు కదా, తుడిచి పెట్టుకోవాలి.

నిజంగా కొత్తగా వచ్చింది మ్యాగ్నాకట్. లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించగా 2021లో బయటికి వచ్చింది. క్రోమియం 10.7 శాతమే. లెక్క ప్రకారం తుప్పు పట్టాలి, కానీ పట్టదు. మిగతా ఉక్కుల్లో క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా కట్టుకుపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. మ్యాగ్నాకట్‌లో వనేడియం, నియోబియం ఆ కార్బన్‌ను తీసేసుకుంటాయి, క్రోమియం విడిగా మిగిలి తన పని తాను చేస్తుంది. పెద్ద క్రోమియం కార్బైడ్లు లేకపోవడంతో దెబ్బ తట్టుకునే గుణమూ పెరిగింది. సెబెంజా, ఎక్స్‌ఎం-18 రెండూ ఇప్పుడు ఈ ఉక్కులో వస్తున్నాయి. రోజూ జేబులో ఉండి, చెమటా తడీ తగిలి, అప్పుడప్పుడూ దెబ్బ తినే కత్తికి ఇంతకంటే సరిపోయేది ప్రస్తుతం లేదనే నా అభిప్రాయం.

అయినా ఉక్కు పేరు పక్కన రాక్‌వెల్ గట్టిదనం అంకె లేకపోతే ఆ పేరుకు అర్థం లేదు. మ్యాగ్నాకట్ 61 నుంచి 64 మధ్య కాచినప్పుడే దాని గుణం బయటపడుతుంది. 59 దగ్గర ఆపేస్తే అంచు వంగుతూ ఉంటుంది, కొన్నవాడు ఉక్కును తిడతాడు. ఇంకోటి, వీటన్నిటిలోనూ ఉండే వనేడియం కార్బైడ్లు మామూలు అల్యూమినియం ఆక్సైడ్ సానరాయి కంటే గట్టివి. డైమండ్ ప్లేటు ఒకటి కొనుక్కోకపోతే సాన పట్టడం గంటల పని అవుతుంది.

కీలు, దుమ్ము, జేబు

బ్లేడు తిరిగే చోట వాషర్లా బేరింగులా అన్నది సరదాగా తెరిచి మూసేవాళ్ళకు పెద్ద చర్చ. మోటు పనివాళ్ళకు చర్చే లేదు: కంచు వాషర్లు. దుమ్ము, సిమెంటు పొడి, ఇసుక తగిలే చోట చిన్న గోళీల మధ్య ఒక రేణువు చిక్కితే గరగరమంటుంది. ఎక్స్‌ఎం-18లో బేరింగులు, కంచు వాషర్లు, నైలాన్ తరహా వాషర్లు మార్చుకునే వీలుంది, అదొక మంచి ఏర్పాటు.

ఈ విషయంలో సెబెంజాను విప్పి చూస్తే అర్థమవుతుంది డబ్బు ఎక్కడికి పోయిందో. పెట్టెలోనే విప్పే పనిముట్టు ఇస్తారు. మరలు తీస్తే రెండు పెద్ద కంచు వాషర్లు, మధ్యలో ఒక సన్నటి ఉక్కు గొట్టం బయటికొస్తాయి. బ్లేడు తిరిగేది ఆ గొట్టం చుట్టూ. దాని పొడవును ఎంత కచ్చితంగా చేశారంటే, మళ్ళీ బిగించేటప్పుడు మరను చివరిదాకా తిప్పేయొచ్చు: బ్లేడు బిగుసుకోదు, లూజూ రాదు. మిగతా నాలుగింటిలో మరను పావు వంతు అటు, ఇటు తిప్పుతూ సరైన చోటు వెతుక్కోవాలి, కదలకుండా జిగురు చుక్క పెట్టుకోవాలి. సెబెంజా పెట్టెలు కోయడంలో పారామిలిటరీని మించదు. వారానికోసారి విప్పి కడిగి పది నిమిషాల్లో మళ్ళీ కొత్తదానిలా బిగించుకోవడంలో దాన్ని మించింది లేదు.

బరువు గురించి ఎవరూ ముందు పట్టించుకోరు. పెద్ద సెబెంజా 133 గ్రాములు, చిన్నది 85 దగ్గర. పారామిలిటరీ 2 దాదాపు 110. ఎక్స్‌ఎం-18 మూడున్నర అంగుళాలది 160 పైన, ఏడీ-10 190కి దగ్గర. పలచటి బట్టల జేబులో 150 దాటిన కత్తి నడుస్తుంటే తొడకు కొట్టుకుంటుంది, జేబు ఒక పక్కకు లాగేస్తుంది. రెండు వారాలు గడిచాక అది టేబుల్ సొరుగులో తేలుతుంది. ఇంట్లో ఉన్న గొప్ప కత్తి కంటే జేబులో ఉన్న మామూలు కత్తే పనికొస్తుంది కదా.

క్లిప్పును పట్టుకుని చూడండి, జేబుకు పెట్టి కాదు, పిడికిలిలో. అరగంట గట్టిగా కోస్తే అరచేతిలో బొబ్బ లేచేది ఆ క్లిప్పు అంచు దగ్గరే. ఎడమచేతి వాటం వాళ్ళకు ఆడమస్ క్లిప్పు పక్క మార్చుకుంటే చాలు, సరిపోతుంది. పారామిలిటరీకి క్లిప్పు నాలుగు చోట్ల బిగించుకోవచ్చు. సెబెంజా ఎడమచేతి రకం విడిగా చేస్తారు.

చట్టం సంగతి కూడా కొనకముందే చూసుకోండి. చాలా దేశాల్లో లెక్క పొడవుతో ఆగదు, లాక్‌నూ ఒంటిచేత్తో తెరవడాన్నీ కూడా చూస్తారు. బ్రిటన్‌లో తగిన కారణం చెప్పకుండా బయట పట్టుకు తిరగగలిగేది లాక్ లేని, అంచు మూడు అంగుళాలు మించని మడత కత్తి మాత్రమే. జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడేదానికి వెంట ఉంచుకోవడానికి సరైన అవసరం చూపాలి. ఈ ఐదూ ఆ గీత దాటేవే.

ఎవరికి ఏది

రోజంతా కోతే పని, దెబ్బలు తక్కువ: పారామిలిటరీ 2. వాదన అక్కర్లేదు. మొన ఒక్కటి జాగ్రత్త.

దెబ్బలు తగిలే పని, చేతితొడుగులు, చలి, తడి: ఏడీ-10 లేదా ఆడమస్. తెరిచి గంటలకొద్దీ వాడేదైతే ఏడీ-10, తరచూ తెరిచి మూసేదైతే ఆడమస్. కోత కూడా ముఖ్యమనుకుంటే నేను ఏడీ-10 వైపు మొగ్గుతాను.

ఒకే కత్తి కొని ఏళ్ళతరబడి దాన్నే వాడాలని, విప్పి శుభ్రం చేసుకోవడం ఇష్టమని, పని మధ్యస్థంగా ఉంటుందని అనుకునేవాళ్ళకు సెబెంజా. చిన్నది చూడండి, మూడు అంగుళాల లోపు బ్లేడు రోజువారీ పనుల్లో దాదాపు అన్నిటికీ చాలు, జేబులో ఉన్నట్టే తెలియదు. పెద్దది ముచ్చటకు బాగుంటుంది.

ఎక్స్‌ఎం-18 కొంచెం ఇబ్బంది పెట్టే ఎంపిక. కోతలో పారామిలిటరీకి, బలంలో ఏడీ-10కి, నాజూకుతనంలో సెబెంజాకు తగ్గుతుంది. కానీ వాషర్లు మార్చుకోవచ్చు, పిడి పలకలు మార్చుకోవచ్చు, కావలసిన బ్లేడు ఆకారం వెతుక్కోవచ్చు. కత్తిని తనకు తగ్గట్టు మలుచుకోవడంలో ఆనందం ఉన్నవాళ్ళకు అది ఐదింటిలోనూ మొదటిది. ఆ ఓపిక లేనివాళ్ళకు వద్దు.

సెబెంజా, ఎక్స్‌ఎం-18, పారామిలిటరీ 2 మూడింటికీ నకళ్ళు విరివిగా ఉన్నాయి, కొన్ని పెట్టె, కాగితాలతో సహా. అధికారిక అమ్మకందారు దగ్గర కాకుండా సెకండ్‌హ్యాండ్ కొంటుంటే కత్తిని తెరిచి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఫ్రేమ్ లాక్ అయితే పలక బ్లేడు వెనక ముఖంలో మూడోవంతు నుంచి సగం వరకు ఉండాలి, అవతలి గోడను తాకుతుంటే జీవితం అయిపోయినట్టే. మొన పట్టుకుని పైకీ కిందికీ, తర్వాత పక్కలకూ కదపండి. పక్కలకు లూజు మర బిగిస్తే పోవచ్చు, పైకీ కిందికీ ఉంటే లాక్ అరిగింది. మూసినప్పుడు బ్లేడు రెండు పలకల నడిమధ్య ఉందో లేదో చూడండి. మరల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో సరిపడని పనిముట్టుతో విప్పారన్నమాట. చివరగా అమ్మేవాడు పెట్టిన బొమ్మలో కాకుండా, కంపెనీ బొమ్మ పక్కన పెట్టి బ్లేడు వెడల్పు పోల్చండి. యంత్రం మీద సాన పట్టించి మూడు నాలుగు మిల్లీమీటర్లు తినేసిన బ్లేడు అలా దొరికిపోతుంది.